అమరావతి శిల్పాలూ, అత్తయ్య ప్రశ్నలూ

మా మేనత్తకి చూపు పోయి తొమ్మిదేళ్ళయింది. నీటికాసులని డాక్టరు చెప్పేటప్పటికే ఆలస్యమైపోయింది. ముందు పక్కచూపు తగ్గింది. తరువాత ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం చెదిరిపోయింది. ఇప్పుడు పగలో రాత్రో తెలుస్తుంది, అంతే. దాన్ని గురించి ఆవిడ పెద్దగా మాట్లాడదు. చేతి అంచనాతో కూరలో ఉప్పు వేస్తుంది, గడప దాటే ముందు కాలి బొటనవేలితో ఒకసారి తడుముతుంది, మనం పలకరించకముందే "ఏమే, కొత్త చెప్పులా?" అంటుంది.

ఒక్క సంగతి మాత్రం ఈమధ్య దాకా నా బుర్రకి తట్టలేదు. అందరం కలిసి ఎక్కడికి వెళ్ళినా అత్తయ్య, "మీరు చూసి రండర్రా, సామాను దగ్గర నేను కూర్చుంటా" అంటుంది. మేమూ చక్కగా సంచులూ, నీళ్ళసీసాలూ, పిల్లల చెప్పులూ ఆవిడకి అప్పజెప్పి లోపలికి పోతాం. గంట పోయాక వచ్చి, "ఎంత బాగుందో అత్తయ్యా!" అంటాం. అలా ఎన్ని తోటల బయట, ఎన్ని కోటల బయట, ఎన్ని మ్యూజియాల గుమ్మాల్లో ఆవిణ్ణి కూర్చోబెట్టామో లెక్కలేదు.

పోయిన కార్తీకంలో అమరావతి వెళ్దామని తనే అడిగింది. అమరావతి అంటే ఇప్పటి రాజధాని అనుకునేరు. దానికి తన పేరు అరువిచ్చిన పాత ఊరు, కృష్ణ ఒడ్డున ఉన్న అమరేశ్వరుడి ఊరు. ఆవిడ పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే. గుంటూరులో బస్సెక్కేటప్పుడు మిరపకాయల ఘాటుకి రెండుసార్లు తుమ్మింది. తోవలో కిటికీ పక్కన కూర్చుని, "పత్తి విచ్చిందా?" అని అడిగింది. చేలన్నీ తెల్లగా విచ్చి ఉన్నాయి. నేను "ఆఁ" అన్నాను. అంతే, ఒక్క అక్షరం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

స్నానం, దర్శనం అయ్యాయి. మ్యూజియం దగ్గరికొచ్చేసరికి అలవాటు ప్రకారం సంచుల కోసం చెయ్యి చాపింది. ఎందుకో ఆ పూట నాకు మనసొప్పలేదు.

"సంచులు నేను మోస్తాలే. నువ్వూ రా."

"నేనొచ్చి ఏం చూస్తానే?"

"నేను చెబుతాగా!" అన్నాను ధీమాగా. ఆ ధీమా మొదటి స్తంభం దగ్గరే కూలబడింది.

"ఇదిగో అత్తయ్యా, ఇక్కడొక రాతిస్తంభం. భలే బాగుంది."

"బాగుందో లేదో నేను చెబుతా. ఏముందో నువ్వు చెప్పు."

"తామరపువ్వు చెక్కారు. చాలా పెద్దది."

"పెద్దదంటే? అట్లపెనమంతా, గంగాళం మూతంతా?"

విచ్చిన పువ్వా, మొగ్గా? రేకులు ఒక వరసా, రెండు వరసలా? పైకి ఉబికి ఉందా, గుంటలా చెక్కారా? ప్రశ్న మీద ప్రశ్న. ఆ ఊరు నేను అంతకుముందు నాలుగుసార్లు వెళ్ళాను. ఇలాంటి పువ్వు పక్కనే నిలబడి ఫొటో కూడా తీయించుకున్నాను. రేకులు వరసలు వరసలుగా ఉంటాయనీ, నడుమ దుద్దు గుండ్రంగా పొంగి ఉంటుందనీ అత్తయ్య అడిగిన రోజునే చూశాను.

అక్కణ్ణించి స్తూపం దగ్గరికి నడిచాం. "ఇప్పుడు చెప్పు" అంది. ఏం చెప్పను? అక్కడ స్తూపం లేదు. గుండ్రటి అరుగులాంటి కట్టడం, చుట్టూ అక్కడక్కడ నిలబెట్టిన రాళ్ళు, గడ్డి.

ఒకప్పుడు ఈ చోటు ధాన్యకటకం. క్రీస్తు పుట్టకముందే మొదలైన స్తూపం శాతవాహనుల ఏలుబడిలో, రెండో శతాబ్దం నాటికి, పల్నాటి సున్నపురాయి తొడుక్కుని నిండు ముత్తైదువలా వెలిగింది. ఇంచుమించు 160 అడుగుల వెడల్పు. చుట్టూ మనిషెత్తు దాటిన రాతి కంచె, దాని మీద లోపలా బయటా బొమ్మలు. బౌద్ధం సన్నగిల్లాక మట్టి కప్పేసి దిబ్బ అయింది. పద్దెనిమిదో శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు చింతపల్లి నుంచి ఇక్కడికి మకాం మార్చి కొత్తగా ఊరు కట్టించేటప్పుడు ఆ దిబ్బలోంచి రాళ్ళు బయటపడ్డాయి. మంచి రాళ్ళు దొరికితే ఊరుకుంటారా? కొన్ని గోడల్లోకి వెళ్ళాయి, కొన్ని మెట్లయ్యాయి. సున్నపురాయి కాబట్టి కొన్ని సున్నం బట్టీలోకీ వెళ్ళాయి. ఏ తల్లి ఏ మొక్కు మొక్కుకుని చెక్కించిన రాయి ఎవరింటి గోడకి వెల్ల అయిందో!

సంగతి విని కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చాడు. మన ఏలూరి వైపు కావలి సోదరులు సాయంగా ఊరూరా తిరిగి కైఫీయతులు పోగుచేయించిన మెకంజీ ఈయనే. 1816లో మళ్ళీ వచ్చి, చిత్రకారుల్ని కూర్చోబెట్టి శిల్పాలకి బొమ్మలు గీయించాడు. ఆ కాగితాల మీద ఉన్న రాళ్ళలో కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి బోలెడు శిల్పాలు మద్రాసు చేర్చాడు. వాటిలో నూటఇరవై దాకా 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళాయి. అక్కడ కొన్నేళ్ళు ఒక బండ్లకొట్టంలో పడి ఉండి, చివరికి 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాయి. అదే ఏడు ఇక్కడ మద్రాసు గవర్నరు హుకుం మీద మిగిలిన దిబ్బని కూడా తోడేశారు. మధ్యలో గుంట మిగిలింది.

ఇదంతా అత్తయ్యకి చెబుతూ ఉంటే నాకే నవ్వొచ్చింది. కళ్ళున్న నేను మాత్రం అక్కడ చూస్తున్నదేముంది? నా బుర్రలో ఉన్న స్తూపం ఎవరో రాసింది చదివి కట్టుకున్నదే. ఆవిడ నా మాట విని కట్టుకుంటోంది. ఆ అరుగు దగ్గర మేమిద్దరం సమానమే.

"ఒక చుట్టు తిరుగుదాం పద" అంది. కుడిచెయ్యి స్తూపం వైపు ఉంచి ప్రదక్షిణ మొదలుపెట్టాం. మధ్యలో మాట్లాడబోతే ఊరుకోమంది. అడుగులు లెక్కపెడుతోంది. మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి మూడువందల చిల్లర. నిలబడి ఊపిరి తీసుకుని, "అమ్మో, ఇంతదా!" అంది. 160 అడుగులని నేను చెప్పినప్పుడు రాని ఆశ్చర్యం, కాళ్ళు చెప్పినప్పుడు వచ్చింది.

ఇంటికొచ్చాక నా చేతకానితనం మనసులో పెట్టుకుని కొన్ని పుస్తకాలు తిరగేశాను. నేను ఆ రోజు తడబడుతూ చేసిన పనికి ఒక పేరుందట: ఆడియో డిస్క్రిప్షన్. చూపులేని వాళ్ళకి కనపడే దాన్ని మాటల్లో పెట్టి వినిపించడం. దృశ్యవ్యాఖ్యానం అనుకుందాం మనం. 1975లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రెగరీ ఫ్రేజియర్ అనే ఆయన యూనివర్సిటీ పట్టా కోసం దీని మీదే పరిశోధన రాశాడు. వాడుకలోకి తెచ్చింది మాత్రం వాషింగ్టన్‌లో మార్గరెట్ అనే ఒకావిడ. ఆవిడకీ చూపు పోయింది. చూపులేని వాళ్ళ కోసం పేపర్లూ పుస్తకాలూ చదివి వినిపించే రేడియో సర్వీసు ఒకటి అప్పటికే నడుపుతోంది. 1981లో అరీనా స్టేజ్ అనే నాటకశాలలో, నటుల మాటకీ మాటకీ మధ్య ఉన్న ఖాళీలో, ఎవరు లేచారు, ఎవరు ఉత్తరం చించారు అన్నది చెవిలో చెప్పే ఏర్పాటు చేసింది. ఆ పనిలో తోడున్న కోడీ ఫాన్‌స్టీల్‌నే ఆ తరువాత పెళ్ళి కూడా చేసుకుందిట! అక్కణ్ణించి ఆ పద్ధతి మ్యూజియాలకీ, సినిమాలకీ పాకింది. వాళ్ళు పెట్టుకున్న మొదటి నియమం ఏమిటనుకున్నారు? కనపడింది చెప్పాలి, మన అభిప్రాయం చెప్పకూడదు. "బాగుందో లేదో నేను చెబుతా" అన్న మా అత్తయ్య ఆ పుస్తకాలేవీ చదవలేదు సుమండీ.

అంతకు చాలా ముందే, ముట్టుకుని చూసే పద్ధతి ఉంది. 1913లో ఇంగ్లండులో సండర్లాండ్ అనే రేవు ఊళ్ళో మ్యూజియం అధికారి చార్ల్‌టన్ డీస్ అంధ పాఠశాల పిల్లల్ని పిలిచి, గాజు అలమరాలు తెరిచి, లోపలి జంతువుల బొమ్మల్నీ, వస్తువుల్నీ వాళ్ళ చేతికిచ్చాడు. ఆ రోజుల్లో మ్యూజియమంటే చేతులు కట్టుకుని నడవాల్సిన చోటు. డీస్ అంతటితో ఊరుకోలేదు. తడిమిన దాన్ని బంకమట్టితో చేసి చూపించమన్నాడు. పిల్లలు చేశారు. చేతులతో చదివి చేతులతోనే తిరిగి రాశారన్నమాట. ఇటలీలో ఆంకోనా ఊళ్ళో, ఇద్దరూ చూపులేని భార్యాభర్తలు పట్టుబట్టి సాధించిన మ్యూజియం 1993లో మొదలైంది. దాని పేరు ఒమెరో, అంటే గుడ్డివాడని ప్రతీతి ఉన్న గ్రీకు మహాకవి హోమరు పేరన్నమాట. అక్కడ ముట్టుకోకపోతేనే తప్పు.

అయితే అమరావతి రాళ్ళనీ అలా ముట్టుకోనివ్వచ్చుగా అంటారేమో. నేనూ ముందు అలాగే అనుకున్నాను. ఆ సున్నపురాయి చూడ్డానికి పాలరాయిలా ఉంటుంది, ఇంగ్లీషువాళ్ళు 'మార్బుల్స్' అనే పిలిచారు. కానీ మెత్తని రాయి. పొరలు లేస్తుంది, గాలిలో తేమకీ చెడుతుంది. లండన్‌లో 1992లో ప్రత్యేకంగా గది కట్టి, గాజు గోడ వెనక, లోపలి గాలిని కూడా అదుపులో పెట్టి ఉంచారు. వేలమంది చేతుల జిడ్డు తగిలితే ఇంకో వందేళ్ళకి ఆ రేకులేవీ ఉండవు. ముట్టుకోవద్దన్న బోర్డుకి కారణముంది. అందుకే నకళ్ళు. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో 2015లో 'అనుభవ్' అని ఒక గది తెరిచారు. తమ దగ్గరున్న వస్తువులకి 22 నకళ్ళు చేయించి, పక్కన బ్రెయిల్ అక్షరాలూ, చెవికి వివరణా పెట్టారు.

ఈ చెవికి వివరణ అన్నది లేకపోతే చేతికి దొరికింది కూడా సగమే. నేను కళ్ళు మూసుకుని మా ఇంట్లో ఇత్తడి వినాయకుణ్ణి తడిమి చూశాను. తెలిసిన విగ్రహం కాబట్టి సరిపోయింది. తెలియనిదైతే అది తొండమో, పామో, పూలదండో తేల్చుకునేసరికి తెల్లారేది. కళ్ళు ముందు మొత్తాన్ని చూసి తరువాత ముక్కల్లోకి వెళ్తాయి. చేతులు ముక్కల్నించి మొత్తానికి రావాలి. మాట కూడా అంతే, ఒకదాని తరువాత ఒకటి. దేన్ని ముందు చెప్పాలన్నదే అసలు చిక్కు.

ఆ చిక్కు విప్పింది కూడా అత్తయ్యే. ఒకనాటి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈ గొడవంతా చెబితే, "మాకు రేడియోలో చెప్పినట్టు చెప్పవే" అంది.

నిజమే కదా! దృశ్యవ్యాఖ్యానం వాషింగ్టన్ నుంచి దిగుమతి కావాలా మనకి? 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం ఎన్ని లక్షల ఇళ్ళకి కళ్ళయిందో మరిచిపోయామా? శ్రీరామనవమి నాడు భద్రాచలం నుంచి కల్యాణం వ్యాఖ్యానం వచ్చేది. ఉషశ్రీగారి గొంతు. వడపప్పు, పానకం ముందు పెట్టుకుని రేడియో చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళలో ఎంతమంది భద్రాచలం వెళ్ళి ఉంటారు? అయినా తలంబ్రాలు పడుతుంటే కొంగు సర్దుకుని అక్షింతలు వేసేవాళ్ళు, రేడియో మీద! ఆదివారం సంక్షిప్త శబ్దచిత్రమనీ సినిమాని కుదించి వినిపించేవాళ్ళు. అందులో మాటలున్నంతసేపూ బాగానే ఉండేది. మాటల్లేని చోట ఉత్త వయొలిన్లు. అక్కడ సినిమా చూసొచ్చిన పక్కింటి అమ్మాయి అందుకునేది: "ఇప్పుడు తలుపు చాటునించి చూస్తోంది పిన్నీ... ఇప్పుడు ఏడుస్తోంది..." ఆ పిల్లకి ఎవరూ జీతమివ్వలేదు కానీ, చేసింది ఆ పనే.

"ఆదివారాలు భారతం వినలేదూ?" అంది అత్తయ్య. "సంజయుడు ధృతరాష్ట్రుడికి ముందేం చెప్పాడు? పదోరోజున వచ్చి, భీష్ముడు పడిపోయాడన్నాడు. ముసలాయన గొల్లుమన్నాడు. ఆ తరువాత మొదటి రోజు నించీ, ఎవరెక్కడ నిలబడ్డారు, ఎవరి రథానికి ఏ జెండా ఉంది, వరసగా చెప్పాడు. ముందు అసలు సంగతి, ఆ తరువాత వివరం. నువ్వేమో రేకుల దగ్గర మొదలుపెట్టావు."

అయినవాళ్ళ చావు చూడలేనని దివ్యదృష్టి వద్దన్న ధృతరాష్ట్రుడు, చెవులతో ఆ చావులన్నీ పూసగుచ్చినట్టు చూశాడు. విన్నవాడు చూడలేదని ఎవరనగలరు?

సరే, అత్తయ్య చెప్పిన పద్ధతిలో సాధన మొదలుపెట్టాను. అమరావతి శిల్పాల్లో పేరుమోసిన నలగిరి పతకం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దాని ఫొటో ఉన్న పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అత్తయ్య మంచం పక్కన కూర్చున్నాను.

"గుండ్రటి రాయి. గంగాళం మూతంత ఉంటుంది, మూడడుగులు. ఒక ఊరి వీధి, నిండా జనం. ఎడమవైపు ఒక ఏనుగు ఊరి ద్వారం దాటి మీదికొస్తోంది. తొండంతో ఒక మనిషిని పట్టి ఎత్తేసింది. ఇంకొకడు కాళ్ళ కింద పడ్డాడు. జనం చెల్లాచెదరవుతున్నారు. ఒకామె బెదిరిపోయి పక్కనున్న మగవాణ్ణి పట్టుకుంది. మేడ కిటికీల్లోంచి కొందరు వంగి చూస్తున్నారు. కుడివైపు రెండో ఏనుగు మోకాళ్ళ మీద వంగి ఉంది. దాని ఎదుట బుద్ధుడు నిలబడి ఉన్నాడు. వెనక భిక్షువులు."

అత్తయ్య కాసేపు ఊరుకుంది. "రెండో ఏనుగు ఎక్కడిది?"

గతుక్కుమన్నాను. రెండో ఏనుగు లేదు. ఉన్నది ఒకటే. దేవదత్తుడు బుద్ధుడి మీద కక్షతో రాజగృహ వీధిలోకి వదిలించిన మదపుటేనుగు నలగిరి. బుద్ధుడి ముందుకొచ్చేసరికి దాని మదం దిగిపోయి లొంగిపోయింది. శిల్పి ఆ ముందు క్షణాన్నీ, తరువాతి క్షణాన్నీ ఒకే చక్రంలో, ఒకే వీధిలో చెక్కాడు. సినిమా పుట్టకముందు పదిహేడు, పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి మాట. కళ్ళతో చూసేవాడికి రెండు ఏనుగులే కనపడతాయి. కనపడిందే చెప్పాలన్న వాషింగ్టన్ నియమం ప్రకారం నాది తప్పు కాదు. కానీ విన్నావిడకి కథ తప్పిపోయింది. 'ఒకే ఏనుగు, రెండుసార్లు' అని ముందే చెబితే శిల్పి దాచిపెట్టిన గమ్మత్తు నేను బయటపెట్టేసినట్టు. చెప్పకపోతే మోసం చేసినట్టు. ఎంతైనా నేను చెప్పే వైపే మొగ్గుతాను. చూపున్నవాడైతే అలా నిలబడి, ఇటు చూసి అటు చూసి, తనే తేల్చుకుంటాడు. వినేవాళ్ళకి ఆ తీరిక మనమే ఇవ్వాలి.

అత్తయ్యకి మాత్రం ఆ రెండు ఏనుగులు తెగ నచ్చాయి. "కోపమొచ్చిన మనిషీ అంతేగా. తగ్గాక చూస్తే ఇంకో మనిషే" అంది. ఎవర్ని తలుచుకుందో, మామయ్యనేమో, నేనడగలేదు.

మర్నాడు ఇంకొక రాయి తీశాను. ఇదీ చెన్నైదే. ఖాళీ సింహాసనం, దాని కింద రెండు పాదాల గుర్తులు, ఎదుట నలుగురు స్త్రీలు వంగి మొక్కుతున్నారు. ఒక్కొక్కరి వీపు ఒక్కొక్క వంపులో ఉంది. ఆ వంపులు చెప్పడానికి నా తెలుగు చాలలేదు. చివరికి, "సంక్రాంతికి ముగ్గేసేటప్పుడు నలుగురు ఆడవాళ్ళు నాలుగు వైపుల నించి వంగితే ఎలా ఉంటుందో అలా. కాకపోతే తలలు నేలకి ఇంకా దగ్గరగా" అన్నాను. వెంటనే అందుకుంది.

"సింహాసనం ఖాళీ అన్నావు. మరి ఎవరికి మొక్కుతున్నారు?"

"బుద్ధుడికే. మొదట్లో ఆయన రూపం చెక్కేవాళ్ళు కాదు అత్తయ్యా. పాదాలో, చెట్టో, చక్రమో, ఖాళీ ఆసనమో పెట్టేవాళ్ళు. ఆయన అక్కడ ఉన్నాడని చూసేవాళ్ళే అనుకోవాలి."

లండన్‌లో ఉన్న ఒక పలక సంగతి కూడా చెప్పాను. మాయాదేవి బిడ్డని కన్న ఘట్టం. ఆమె చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడి ఉంటుంది. పక్కన దేవతలు పొడుగాటి వస్త్రం పట్టుకుని ఉంటారు, బిడ్డని అందుకోవడానికి. వస్త్రంలో బిడ్డ ఉండడు. చిన్న చిన్న పాదముద్రలుంటాయి.

అత్తయ్య చెయ్యి దుప్పటి మీద అటూ ఇటూ కదిలింది. "అయితే ఆ కాలంలో కళ్ళున్నవాళ్ళకీ కనపడలేదన్నమాట" అంది. కాసేపయ్యాక, "వాళ్ళకి ఎవరో చెప్పే ఉంటారు, ఇది ఫలానా అని" అంది.

చెప్పే ఉంటారు. ప్రదక్షిణ చేసే యాత్రికులకి పక్కన ఎవరో భిక్షువో, పెద్దావిడో, ఇదిగో ఇది నలగిరి, అదిగో అది మాయాదేవి కల అని కథ చెప్పకపోతే ఆ బొమ్మలు ఎవరికి అర్థమవుతాయి? రాతి మీది దానశాసనాలు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉన్నాయి. వచ్చినవాళ్ళందరికీ చదువొచ్చా? ఆ శాసనాల్లో రాజుల పేర్లకంటే మామూలు మనుషుల పేర్లే ఎక్కువ. భిక్షుణులు, గృహస్థుల భార్యలు, కూతుళ్ళతో కలిసి ఇచ్చిన తల్లులు. విధికుడనే చర్మకారుడు కుటుంబంతో కలిసి పూర్ణఘటం ఉన్న పలక ఇచ్చుకున్నాడు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకున్న రాజచిహ్నం నడుమ ఉన్నది ఆ పూర్ణఘటమే. ఆడవాళ్ళ పేర్ల సంగతి చెప్పేసరికి అత్తయ్య లేచి కూర్చుంది. "మొగుడి పేరు చెప్పుకున్నారా, తమ పేరు చెప్పుకున్నారా?" రెండూ ఉన్నాయన్నాను. "ఊఁ" అని తృప్తిగా పడుకుంది.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. కళలు వాళ్ళకి అందుబాటులో ఉండాలని అందులో రాశారు. మంచిదే. చట్టంలో ఉన్న మాట రాతి పక్కన వినపడాలంటే మాత్రం ఎవరో ఒకరు పూనుకుని ఆ రాయి ఎదుట కూర్చుని రాయాలి. నిలబడి వినేవాళ్ళ కాళ్ళు నొప్పెట్టకుండా రెండు మూడు నిమిషాల్లో అయిపోవాలి. రాసిందాన్ని ముందుగా చూపులేని మనిషికి వినిపించి, "రెండో ఏనుగు ఎక్కడిది?" అనిపించుకుని, దిద్దుకోవాలి. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోనుంది. వినడానికి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. రాసేవాళ్ళు కావాలి, అదీ మన తెలుగులో, గంగాళాలూ అట్లపెనాలూ తెలిసిన తెలుగులో. గుంటూరు, ఒంగోలు, నరసరావుపేట కాలేజీల్లో తెలుగూ, చరిత్రా చదివే ఆడపిల్లలు తలా ఒక రాయి పట్టుకుంటే ఎన్నాళ్ళ పని?

మొన్న మా మనవరాలు వేసవి సెలవులకొచ్చింది. వంటింట్లో ఉంటే గదిలోంచి అత్తయ్య గొంతు వినపడింది. "గుండ్రటి రాయి. గంగాళం మూతంత. ఒకే ఏనుగు, కానీ రెండుసార్లు కనపడుతుంది. ఎందుకో చెప్పుకో..." చేతులతో గాలిలో గుండ్రం గీస్తోంది. ఎడమచెయ్యి పైకి లేస్తే ఏనుగు మనిషిని ఎత్తింది, కుడిచెయ్యి ఒంగితే మోకరిల్లింది. ఆ పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. పుస్తకం అలమరాలోనే ఉంది, దాని జోలికి ఎవరూ పోలేదు.

ఇంతలో ఆ గడుగ్గాయి, "కిటికీల్లోంచి ఎంతమంది చూస్తున్నారు ముత్తవ్వా?" అంది.

"ఏమేవ్!" అని వంటింటి వైపు కేకేసింది అత్తయ్య. "ఎంతమందే? నువ్వు చెప్పలేదు నాకు."

పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, పుస్తకం దించి, భూతద్దం వెతుక్కుని కూర్చున్నాను. ఒకటి... రెండు...